అరోరా, సూర్యుడు, మన షార్ట్‌వేవ్: వరంగల్ హామ్‌లు తరచుగా అడిగే ప్రశ్నలు

హామ్ అంటే లైసెన్స్ తీసుకుని సరదాకి సొంత రేడియో స్టేషన్ నడిపేవాడు. నేనూ అలాంటివాడినే, హనుమకొండలో మా డాబా మీద రెండు వైర్ యాంటెన్నాలున్నాయి. ఒకటి 40 మీటర్ల తరంగాలకు (7 మెగాహెర్ట్జ్), ఇంకొకటి 20 మీటర్లకు (14 మెగాహెర్ట్జ్). 2024 మే నెలలో లదాఖ్ ఆకాశం ఎర్రబడిన ఫొటోలు పేపర్లలో వచ్చాక నన్ను అడిగే ప్రశ్నల తీరే మారిపోయింది. అంతకుముందు కొత్తవాళ్లు "ఏ రిగ్ (రేడియో సెట్) కొనాలి" అనేవారు. ఇప్పుడు "అన్నా, ఈరోజు కె ఎంతుంది" అంటున్నారు. కె అంటే భూమి అయస్కాంత క్షేత్రం ఎంత కదిలిందో చెప్పే సంఖ్య. పదే పదే వచ్చే ప్రశ్నల్ని ఒకచోట పెట్టాను. ప్రాపగేషన్ (రేడియో తరంగాలు ఎలా ప్రయాణిస్తాయన్న సంగతి) గురించి మనకు దొరికే సలహాలు చాలావరకు అమెరికా, యూరప్ హామ్‌లు తమ నెత్తిమీది ఆకాశాన్ని చూసి రాసుకున్నవి. మన ఆకాశం వేరు. ఆ సలహా ఎక్కడ మనకు పనికొస్తుంది, ఎక్కడ పనికిరాదు అన్నదే ఇక్కడ ఎక్కువగా చెప్పాను.

వరంగల్ నుంచి అరోరా ఎప్పటికైనా కనిపిస్తుందా?

ఆశ పెట్టుకోకండి. సూర్యుడి నుంచి వచ్చే కణాల ప్రవాహం భూమి అయస్కాంత క్షేత్రాన్ని కుదిపినప్పుడు, ఎలక్ట్రాన్లు ఆ క్షేత్ర రేఖల వెంట ధ్రువాల వైపు జారి, పై గాలిలోని ఆక్సిజన్‌కు, నైట్రోజన్‌కు గుద్దుకుంటాయి. ఆ తాకిడికి పుట్టే వెలుగే అరోరా. నేల నుంచి వంద కిలోమీటర్ల పైన ఆకుపచ్చ, 200 కిలోమీటర్లు దాటితే ఎరుపు. ఇది ధ్రువం చుట్టూ ఒక గాజులాగా ఉంటుంది. ఆ కుదుపు (భూ అయస్కాంత తుఫాను అంటారు) ఎంత పెద్దదైతే ఆ గాజు అంత వెడల్పై భూమధ్యరేఖ వైపు జరుగుతుంది.

2024 మే 10 రాత్రి వచ్చిన తుఫాను జి5 స్థాయిది, అంటే తుఫానుల కొలతలో అన్నిటికంటే పై మెట్టు. 2003 అక్టోబర్ తర్వాత అంతటిది రాలేదు. అప్పుడు కూడా మన దేశంలో కనిపించింది లదాఖ్‌లోని హాన్లేలో, అదీ ఉత్తర దిక్కున, ఎర్రగా. హాన్లే దాదాపు 33 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మనం 18 మీద ఉన్నాం. అయస్కాంత భూమధ్యరేఖ మన దేశపు దక్షిణ కొస మీదుగా పోతుంది కాబట్టి, ఆ లెక్కన మనం దానికి కేవలం పది డిగ్రీల దూరంలో ఉన్నాం.

అయితే "అసంభవం" అని కూడా అనలేను. 1872 ఫిబ్రవరి 4న వచ్చిన తుఫానులో బొంబాయిలో అరోరా కనిపించినట్టు రికార్డుల్లో ఉంది. బొంబాయి అక్షాంశం 19, అంటే మనకంటే ఒక్క డిగ్రీ ఎక్కువ. 1859 సెప్టెంబర్‌లో, కారింగ్టన్ తుఫాను అని పిలిచే రోజున, బొంబాయి కొలాబాలోని పరికరం అయస్కాంత క్షేత్రం దాదాపు 1600 నానోటెస్లాలు పడిపోయినట్టు నమోదు చేసింది. అలాంటివి వందేళ్లకో నూటయాభై ఏళ్లకో వస్తాయి. ఈలోగా ఖిలా వరంగల్ వైపు ఆకాశం ఎర్రగా కనిపిస్తే అది దుమ్ము మీద పడ్డ టౌన్ లైట్ల వెలుగే.

మనకు కనిపించని అరోరాతో మన రేడియోకి ఏం పని?

చాలా పనుంది. ఇంట్లో గ్లోబు ఉంటే ఒక దారం తీసుకోండి. ఒక కొస వరంగల్ మీద, ఇంకో కొస డల్లాస్ మీద పెట్టి బిగించి లాగండి. మ్యాప్‌లో చూస్తే డల్లాస్ పడమటి దిక్కున ఉన్నట్టు ఉంటుంది. దారం మాత్రం సూటిగా ఉత్తరానికి పోయి, ధ్రువానికి అతి దగ్గరగా దాటి, అవతలి వైపు దిగుతుంది. దిక్సూచి లెక్కలో 356 డిగ్రీలు. న్యూయార్క్, న్యూజెర్సీ వైపు దారి 338 డిగ్రీలు. శాన్‌ఫ్రాన్సిస్కోకి 20. మూడూ 13, 14 వేల కిలోమీటర్ల దారులే, మూడూ ఉత్తరాన 69 డిగ్రీల అక్షాంశానికి తక్కువ కాకుండా ఎక్కి దిగేవే. అంటే మన సిగ్నల్ అమెరికా చేరాలంటే అరోరా గాజును దాటాల్సిందే, ఒక్కోసారి రెండుసార్లు.

అరోరా ఉన్నచోట గాలి కింది పొరలు కూడా అయనీకరణం చెందుతాయి, అంటే అణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడిపోతాయి. ఆ పొర షార్ట్‌వేవ్‌ను వెనక్కి పంపదు, మింగేస్తుంది. మింగగా మిగిలిన సిగ్నల్ నీళ్లలో మాట్లాడినట్టు వణుకుతూ వస్తుంది. కాబట్టి తుఫాను రోజున మా డాబా మీద పరిస్థితి ఇలా ఉంటుంది: డల్లాస్, చికాగో ఖాళీ. స్వీడన్, ఫిన్లండ్ లేవు. జర్మనీ, ఇటలీ సగం సగం. ఇండోనేషియా, ఆస్ట్రేలియా, తూర్పు ఆఫ్రికా, గల్ఫ్ మాత్రం ఏమీ జరగనట్టు వినిపిస్తుంటాయి. కొత్తవాళ్లు ఇది చూసి యాంటెన్నా ఒక పక్కకే పని చేస్తోందనుకుని పైకెక్కుతారు. ఎక్కే ముందు కె సంఖ్య చూడండి.

"అయితే ఉల్టా తిరిగి, దక్షిణం నుంచి వెళ్లవచ్చు కదా" అని ఒక కుర్రవాడు అడిగాడు. తెలివైన ప్రశ్నే. లాంగ్ పాత్ అనేది ఉంది, మామూలు రోజుల్లో అది పని చేస్తుంది కూడా. కానీ ఆ దారి అంటార్కిటికా దగ్గర నుంచి పోతుంది. దక్షిణ ధ్రువం చుట్టూ కూడా ఇలాంటి గాజే ఉంటుంది, తుఫాను వస్తే రెండూ ఒకేసారి ఉబ్బుతాయి.

అసలు సూర్యుడికీ షార్ట్‌వేవ్‌కీ సంబంధం ఏమిటి?

పెద్దవాళ్లను అడిగితే మనకంటే బాగా చెబుతారు. పగలు రేడియోలో హైదరాబాద్ స్టేషన్ 738 కిలోహెర్ట్జ్ మీద నిమ్మళంగా వచ్చేది. పొద్దుగూకిందంటే పక్కన ఎక్కడెక్కడి స్టేషన్లో దూరేవి. షార్ట్‌వేవ్‌లో సిలోన్ తెలుగు పాటలు ఒకసారి దగ్గరకొచ్చి, ఒకసారి దూరం పోయి, మళ్లీ వచ్చేవి. పాట మధ్యలో చరణం ఎగిరిపోతే తిట్టుకునేవాళ్లం. ఆ ఎగిరిపోవడమే ఐనోస్ఫియర్, అంటే అయనీకరణం చెందిన పై గాలి, చేసే పని.

సూర్యుడి అతినీలలోహిత కిరణాలు, ఎక్స్ కిరణాలు పై గాలిని అయనీకరిస్తాయి. అరవై నుంచి తొంభై కిలోమీటర్ల మధ్య డి పొర పగలు మాత్రమే ఉంటుంది. దాని పని మింగడం. ఆ పైన ఇ పొర. ఇంకా పైన, 200 కిలోమీటర్లు దాటాక, ఎఫ్ పొర. మన దూరపు మాటలన్నీ దీని దయే. సూర్యుడి మీద మచ్చలు ఎక్కువున్న ఏళ్లలో ఎఫ్ పొర చిక్కబడుతుంది, 28 మెగాహెర్ట్జ్ (10 మీటర్లు) లాంటి పై బ్యాండ్లు కూడా వంగి కిందికి వస్తాయి. మచ్చలు తగ్గితే అవి అంతరిక్షంలోకి పోతాయి.

మధ్యాహ్నం ఉన్నట్టుండి బ్యాండ్ మొత్తం మాయమైంది. రిగ్ పాడైందా?

ఇది నాకు జరిగింది కాబట్టి వివరంగా చెబుతాను. ఒక ఎండాకాలం, పన్నెండున్నర ప్రాంతంలో 40 మీటర్ల మీద నాందేడ్ వాసితో మాట్లాడుతున్నాను. ఆయన మాట మధ్యలో తెగింది. ఆయన ఒక్కడే కాదు, బ్యాండ్ మీద ఎవరూ లేరు. విచిత్రమేంటంటే ఎప్పుడూ ఉండే బరబరా శబ్దం కూడా సగానికి తగ్గింది. కచ్చితంగా కోయాక్స్ (యాంటెన్నా కేబుల్) తెగిందనుకున్నాను. చెప్పుల్లేకుండా డాబా ఎక్కి, కాళ్లు కాల్చుకుని, కనెక్టర్ విప్పి, మళ్లీ బిగించి, కిందికొచ్చి మీటర్ పెట్టి చూశాను. అంతా బాగానే ఉంది. "అన్నం తినకుండా ఆ వైర్లతో ఏం పని" అని లోపలి నుంచి కేకలు. తిని వచ్చేసరికి బ్యాండ్ తిరిగొచ్చింది. సాయంత్రం సూర్యుడి ఎక్స్ కిరణాల గ్రాఫ్ చూస్తే, సరిగ్గా ఆ వేళకు నిటారుగా ఒక గీత లేచి ఉంది.

అది సౌర జ్వాల, మనవాళ్లు ఫ్లేర్ అంటారు. అందులోని ఎక్స్ కిరణాలు కాంతితో పాటే ఎనిమిది నిమిషాల పైచిలుకులో వచ్చి డి పొరను ఒక్కసారిగా దట్టం చేస్తాయి. అది సిగ్నళ్లనూ మింగుతుంది, దూరాల నుంచి వచ్చే ఉరుముల శబ్దాన్నీ మింగుతుంది. అందుకే బ్యాండ్ నిశ్శబ్దమవుతుంది. గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే: యాంటెన్నా తెగినా నిశ్శబ్దమే, ఫ్లేర్ వచ్చినా నిశ్శబ్దమే. తేడా తెలుసుకోవాలంటే పై బ్యాండ్లకు మారి చూడండి. డి పొర మింగడం ఫ్రీక్వెన్సీ వర్గానికి విలోమంగా తగ్గుతుంది. 7 మెగాహెర్ట్జ్ దగ్గర నష్టం 14 దగ్గరి కంటే డెసిబెల్ లెక్కలో నాలుగింతలు. కాబట్టి ఫ్లేర్ అయితే 40 మీటర్లు ముందు పోయి చివర తిరిగొస్తుంది, 10 మీటర్లు చివర పోయి ముందు తిరిగొస్తుంది. యాంటెన్నా తెగితే ఆ మర్యాద ఉండదు.

ఈ దెబ్బ యూరప్ వాళ్లకంటే మనకే గట్టిగా తగులుతుంది. సూర్యుడు నడినెత్తిన ఉన్నచోట డి పొర అందరికంటే దట్టమవుతుంది. వరంగల్‌లో మే నడుమ ఒకసారి, జూలై చివర ఒకసారి సూర్యుడు సరిగ్గా నెత్తిమీదికి వస్తాడు, ఆ మధ్యాహ్నాల్లో నిలబెట్టిన కర్రకు నీడ కూడా పడదు. అటూ ఇటూ రెండు నెలల పాటు దాదాపు అదే పరిస్థితి.

రాత్రి వచ్చిన ఫ్లేర్ మనకు లెక్క లేదు. ఈ సౌర చక్రంలో (మచ్చలు పెరిగి తగ్గే దాదాపు పదకొండేళ్ల కాలం) పెద్దవైన రెండింటినీ చూడండి. ఎక్స్ అంటే ఫ్లేర్లలో అన్నిటికంటే బలమైన తరగతి, ఎం దాని కింది మెట్టు. 2024 మే 14న వచ్చిన ఎక్స్8.7 మన టైములో రాత్రి పది దాటాక. మనం ఫ్యాన్ కింద పడుకున్నాం, అమెరికా వాళ్ల బ్యాండ్లు పోయాయి. 2024 అక్టోబర్ 3న వచ్చిన ఎక్స్9.0 మనకు సాయంత్రం ఆరుకు పది పన్నెండు నిమిషాల ముందు, పొద్దుగూకే వేళ. దెబ్బంతా ఆఫ్రికా వైపు పడింది.

ఫ్లేర్ వచ్చిందంటే అరోరా కూడా వచ్చినట్టేనా?

కాదు. మూడు వేర్వేరు సంగతుల్ని ఒకే పేరుతో పిలుస్తున్నాం, గందరగోళం అక్కడే.

ఫ్లేర్ అంటే వెలుగు. పగటి పూట ఉన్నవాళ్లకు మాత్రమే, నిమిషాల నుంచి గంటా రెండు గంటల వరకు. దాంతో పాటు ఒక్కోసారి వేగమైన ప్రోటాన్లు వస్తాయి. అవి గంటలోపే భూమికి చేరి ధ్రువాల మీద కురుస్తాయి, మన అమెరికా దారిని రెండు మూడు రోజులు కూడా మూసేయగలవు. ఇక సీఎంఈ అంటే సూర్యుడు విసిరేసిన ప్లాస్మా ముద్ద, తన అయస్కాంత క్షేత్రాన్ని వెంటేసుకుని వస్తుంది. పదిహేను గంటల నుంచి మూడు నాలుగు రోజులు పడుతుంది. పెద్ద భూ అయస్కాంత తుఫానులనూ అరోరానూ తెచ్చేది ఎక్కువగా ఇదే. ఫ్లేర్ లేకుండా సీఎంఈ రావచ్చు, సీఎంఈ లేకుండా ఫ్లేర్ రావచ్చు.

ముద్ద వచ్చి తగిలినా ప్రతిసారీ తుఫాను రాదు. దాని అయస్కాంత క్షేత్రం దక్షిణానికి తిరిగి ఉంటే మన భూమి క్షేత్రంతో కలిసిపోయి తలుపు తెరుచుకుంటుంది. ఉత్తరానికి తిరిగి ఉంటే గోడకు తగిలిన బంతి లెక్క. బీజెడ్ అనే సంఖ్య (మైనస్ అంటే దక్షిణం) మైనస్‌లో ఉందా అని హామ్‌లు అంతగా చూసేది అందుకే. ఆ సంఖ్య మనకు సూర్యుడి వైపు 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, ఎల్1 బిందువు దగ్గర ఉన్న ఉపగ్రహాల నుంచి వస్తుంది. 2023 సెప్టెంబర్ 2న శ్రీహరికోట నుంచి ఎగిరి 2024 జనవరి 6న అక్కడికి చేరిన మన ఆదిత్య ఎల్1 కూడా ఆ చోటే ఉంది. అక్కడ తెలిశాక ఇక్కడికి రావడానికి అరగంట నుంచి గంట. ఛాయ్ తాగి రిగ్ ఆన్ చేసేంత టైమన్నమాట.

మూడోది కరోనల్ హోల్. సూర్యుడి మీద తెరుచుకున్న కిటికీ లాంటిది, అందులోంచి వేగమైన కణాల గాలి వీచి చిన్న తుఫానులు తెస్తుంది. సూర్యుడు తన చుట్టూ తాను తిరుగుతూ దాదాపు 27 రోజులకు ఆ కిటికీని మళ్లీ మనవైపు తెస్తాడు. ఈ నెల ఒక తారీఖున అమెరికా దారి మూసుకుపోతే గోడ క్యాలెండర్ మీద 27 రోజుల తర్వాత ఒక సున్నా చుట్టిపెట్టుకోండి. చాలాసార్లు కరెక్టవుతుంది.

ఎస్ఎఫ్ఐ, ఎ, కె: వీటిలో ఏది చూడాలి?

ఎస్ఎఫ్ఐ అంటే 10.7 సెంటీమీటర్ల మీద సూర్యుడి రేడియో శబ్దం ఎంతుందో కెనడాలోని పెంటిక్టన్‌లో రోజూ కొలిచే కొలత. మచ్చలు లేని కాలంలో 65, 70 దగ్గర ఉంటుంది. మంచి రోజుల్లో 200 దాటుతుంది. కె అనేది మూడు గంటలకోసారి 0 నుంచి 9 వరకు, అయస్కాంత క్షేత్రం ఎంత కదిలిందో చెబుతుంది. 5 నుంచి తుఫాను లెక్క. ఎ అంటే రోజు మొత్తం మీద సగటు లాంటిది. అంతర్జాతీయ సమయానికి అయిదున్నర గంటలు కలిపితే మన టైము. దీన్ని మరిచిపోయి "నిన్న తుఫాను వచ్చింది, ఏమీ కాలేదు" అనేవాళ్లు చాలామంది.

ఇక అసలు విషయం. ప్రపంచానికి చెప్పే కెపీ సంఖ్యను 13 కేంద్రాల కొలతల నుంచి లెక్కిస్తారు. అవన్నీ భూమధ్యరేఖకు దూరంగా, మధ్య, ఎగువ అక్షాంశాల్లో ఉన్నవి. అది వాళ్ల ఆకాశపు జ్వరం. మన ఆకాశపు జ్వరం కాదు. కెపీ 6 ఉందని ఒక జర్మన్ హామ్ రిగ్ కట్టేస్తే అర్థముంది. అది చూసి హనుమకొండలో రిగ్ కట్టేస్తే మాత్రం జకార్తానూ నైరోబీనూ చేజేతులా వదులుకున్నట్టే.

నేను చూసే వరుస ఇది. పగలైతే ముందు ఎక్స్ కిరణాల గ్రాఫ్. ఎం1 దాటితే కింది బ్యాండ్ల మీద కొద్దిగా దెబ్బ, ఎక్స్1 దాటితే గట్టి దెబ్బ. తర్వాత ఎస్ఎఫ్ఐ. ఎస్ఎఫ్ఐ ఒక్కరోజు పెరిగితే లాభం లేదు, వారం పాటు 150 మీద నిలబడితే 10 మీటర్లు మనకు పండగే. ఉత్తర అమెరికాతో గానీ స్కాండినేవియాతో గానీ పని ఉంటే తప్ప కె నాకు మూడోది. అమెరికాలో ఉన్న కొడుకుతోనో స్నేహితుడితోనో షెడ్యూల్ పెట్టుకుంటే మాత్రం అదే మొదటిది: 2, అంతకు తక్కువ ఉన్న రోజు చూసుకోండి.

మన దగ్గరి కొలత కావాలంటే హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) వాళ్లకు అయస్కాంత వేధశాల ఉంది, చౌటుప్పల్ దగ్గర ఇంకొకటి ఉంది.

మన ఆకాశం వేరు అంటున్నారు. వేరంటే ఎలా?

పగటిపూట అయస్కాంత భూమధ్యరేఖ మీద ఒక విద్యుత్ క్షేత్రం ప్లాస్మాను పైకి లేపుతుంది. పైకి పోయిన ప్లాస్మా ఫౌంటెన్‌లో నీళ్లలా రెండు పక్కలకూ, ఉత్తరానికీ దక్షిణానికీ, క్షేత్ర రేఖల వెంట జారి దిగుతుంది. దిగినచోట దట్టంగా కుప్పపడుతుంది. మన దేశంలో ఆ కుప్ప అహ్మదాబాద్, భోపాల్ దరిదాపుల్లో. మనం ఫౌంటెన్‌కూ కుప్పకూ మధ్య ఉన్నాం. అందుకే మచ్చలు లేని ఏళ్లలో కూడా మనకు 15 మీటర్లు ఉత్తర దేశాల వాళ్లంత తొందరగా చచ్చిపోదు.

ఆ రెండు కుప్పల్నీ రెండు గోడల్లా వాడుకుని, మధ్యలో నేలను తాకకుండా సిగ్నల్ అవతలి అర్ధగోళానికి దూకగలదు. 1947లో మెక్సికో, అర్జెంటీనా హామ్‌లు 50 మెగాహెర్ట్జ్ మీద ఒకరినొకరు విని ఆశ్చర్యపోయింది ఈ దారినే. టెప్ (భూమధ్యరేఖను దాటే ప్రాపగేషన్) అంటారు. మనకు 10 మీటర్ల మీద పొద్దుగూకాక మారిషస్, రీయూనియన్, పశ్చిమ ఆస్ట్రేలియా ఇలాగే గట్టిగా వినిపిస్తాయి. 6 మీటర్ల (50 మెగాహెర్ట్జ్) సంగతి మీ లైసెన్స్‌లో ఆ ఫ్రీక్వెన్సీ ఉందో లేదో చూసుకున్నాకే. సీజన్ గుర్తుపెట్టుకోవడం తేలిక: ఉగాది చుట్టూ ఒకసారి, బతుకమ్మ చుట్టూ ఒకసారి. పగలూ రాత్రీ సమానమయ్యే కాలాలు అవి. అయస్కాంత తుఫానులు ఎక్కువగా వచ్చే కాలాలు కూడా అవే, కాబట్టి ఆ వారాల్లో ఉత్తరం మూసుకుని దక్షిణం తెరుచుకుని ఉండటం మామూలే.

దీనికో చీకటి కోణం ఉంది. సూర్యాస్తమయం తర్వాత ఎఫ్ పొర అడుగున బుడగలు లేస్తాయి, ఉడుకుతున్న అన్నం గిన్నెలో లేచినట్టు. ఆ బుడగల గుండా వచ్చిన సిగ్నల్ వణుకుతుంది. అంతరిక్ష కేంద్రం నుంచి 145.800 మెగాహెర్ట్జ్ మీద వచ్చే సిగ్నల్ రాత్రి ఎనిమిదింటికి ఒక్కోసారి దడదడలాడుతుంది, జీపీఎస్ కూడా తప్పు చూపవచ్చు. తిరుపతి దగ్గరి గాదంకిలో ఎన్ఏఆర్ఎల్ (జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల) వాళ్లు 53 మెగాహెర్ట్జ్ రాడార్‌తో వీటిని ఏళ్ల తరబడి చూస్తున్నారు.

ఈ వణుకును విని "అరోరా సిగ్నల్" అని సంబరపడేవాళ్లున్నారు. వినడానికి దాదాపు ఒకేలా ఉంటుంది, ఒప్పుకుంటాను. దిక్కూ వేళా చూడండి. రాత్రి ఏడున్నర నుంచి అర్ధరాత్రి లోపు, దక్షిణం స్టేషన్లు వణుకుతుంటే అది మన ఇంటి బుడగ. ఏ వేళలోనైనా, కె పెరిగి, ఉత్తరపు స్టేషన్లు మాత్రమే వణుకుతుంటే అది అరోరా పని. పెద్ద తుఫాను వచ్చిన సాయంత్రాల్లో మన బుడగలు అసలు లేవకపోవడం కూడా జరుగుతుంది.

2 మీటర్ల మీద అరోరాను తాకి వచ్చే సిగ్నల్‌తో మాట్లాడతారట. మనం ప్రయత్నించవచ్చా?

లేదు. స్వీడన్, స్కాట్లాండ్, కెనడా వాళ్లు యాంటెన్నాను ఉత్తరానికి తిప్పి, అరోరా తెర మీద సిగ్నల్ కొట్టి, వెయ్యి కిలోమీటర్ల అవతలివాళ్లతో మాట్లాడతారు. మోర్స్ స్వరం పోయి బుస్సుమనే శబ్దం మిగులుతుంది, మాటలైతే గుసగుసలా ఉంటాయి. మన నుంచి ఆ తెర కనుచూపు మేరలో లేదు. ఇంటర్నెట్‌లో ఆ రికార్డింగులు వినండి, సరదాగా ఉంటాయి.

శబ్దం బాగా పెరిగింది. సూర్యుడేనా?

పదిలో తొమ్మిదిసార్లు ట్రాన్స్‌ఫార్మర్. ఫ్లేర్ వల్ల షార్ట్‌వేవ్ శబ్దం తగ్గుతుందని పైన చెప్పాను. సూర్యుడే రేడియో శబ్దం పుట్టించే సందర్భాలున్నాయి గానీ అవి ఎక్కువగా 10 మీటర్లు, ఆపైన, కొన్ని నిమిషాలు. గంటల తరబడి ఎస్9 (రిగ్ మీటర్ మీద గట్టి సిగ్నల్ స్థాయి) మీద బుర్రుమంటుంటే ఇంట్లో మెయిన్ ఆఫ్ చేసి రిగ్‌ను బ్యాటరీ మీద పెట్టి చూడండి. శబ్దం పోతే ఇన్వర్టరో, ఎల్ఈడీ బల్బో, చౌక చార్జరో. పోకపోతే చిన్న రేడియో పట్టుకుని వీధిలో తిరగండి. నేను ఇలా తిరిగితే మూడో స్తంభం దగ్గర పగిలిన ఇన్సులేటర్ దొరికింది. పల్లెల్లో మోటార్లకు త్రీఫేజ్ కరెంటు వచ్చే వేళకే శబ్దం మొదలైతే స్టార్టర్లను అనుమానించండి. ఏప్రిల్, మే సాయంత్రాల్లో టపటపమంటే అవి ఉరుములు. అప్పుడు మాత్రం ఆలోచించకుండా యాంటెన్నా ఊడదీయండి. సౌర తుఫానుకు ఊడదీయాల్సిన పని లేదు.

మా బాబాయి దుబాయ్‌లో ఉన్నాడు. తుఫాను రోజున దొరుకుతాడా?

ఇద్దరికీ లైసెన్స్ ఉంటే, దొరుకుతాడు. జగిత్యాల, కరీంనగర్ నుంచి దుబాయ్ దాదాపు 2,500 కిలోమీటర్లు, ఎఫ్ పొర మీద ఒక్క గెంతు. దారి ఎక్కడా ధ్రువాల వైపు పోదు. ఫ్లేర్ వస్తే తప్ప పగలు 20, 15 మీటర్లు నమ్మకమైనవి.

మేడారం జాతరలో చేతి సెట్లు వాడితే సూర్యుడి వల్ల ఆగిపోతాయా?

ఆగవు. 2 మీటర్ల ఎఫ్ఎం సిగ్నల్ సూటిగా పోతుంది, ఐనోస్ఫియర్‌ను అడగదు. తాడ్వాయి అడవిలో దానికి అడ్డం చెట్లూ గుట్టలూ. అక్కడి నుంచి వరంగల్‌కో ఆదిలాబాద్‌కో నేరుగా 40 మీటర్ల మీద, కింద కట్టిన డైపోల్ (రెండు చేతుల వైర్ యాంటెన్నా)‌తో నెత్తిమీదికి కొట్టి మాట్లాడేవాళ్లకే ఫ్లేర్ భయం. పది నిమిషాలు ఆగి మళ్లీ పిలవండి.

"రేపు సౌర తుఫాను, ఫోన్లు ఆఫ్ చేయండి" అని వాట్సాప్‌లో వచ్చింది. నిజమా?

డిలీట్ చేయండి. మొబైల్ సిగ్నల్ టవర్ నుంచి నేరుగా వస్తుంది. 1989 మార్చి 13న కెనడాలోని క్యూబెక్‌లో తుఫాను వల్ల తొమ్మిది గంటలు కరెంటు పోయిన మాట నిజమే, కానీ అది అరోరా గాజు కింద ఉన్న ప్రాంతం. మన వీధిలో కరెంటు పోతే కారణం ఇంకా దగ్గర్లోనే ఉంటుంది. పొలాల్లో మందు కొట్టే డ్రోన్లున్న వాళ్లు మాత్రం పెద్ద తుఫాను రోజు జీపీఎస్‌ను గుడ్డిగా నమ్మకండి.

సౌర చక్రం శిఖరం దాటిపోయిందట. ఇప్పుడు మొదలుపెట్టడం దండగా?

25వ చక్రం 2019 డిసెంబర్‌లో మొదలై, 2024 అక్టోబర్ దగ్గర శిఖరం చేరింది. సగటు మచ్చల సంఖ్య 160 దాటింది. 2014 నాటి శిఖరం 116 మాత్రమే. ఎక్కడం తొందరగా, దిగడం నిదానంగా ఉండటం ఈ చక్రాల అలవాటు. దిగేటప్పుడు కరోనల్ హోల్స్ ఎక్కువ, తుఫానులు కూడా తరచుగా వస్తాయి. అరోరా ముచ్చట్లు ఇంకా కొన్నేళ్లు వింటాం. 10 మీటర్లు ముందు బలహీనపడుతుంది, తర్వాత 15. 2019లో మచ్చల్లేని సూర్యుడి కింద కూడా 20 మీటర్ల మీద తక్కువ పవర్‌తో, బలహీన సిగ్నల్‌ను కంప్యూటర్ చదివే ఎఫ్‌టీ8 పద్ధతిలో నేను జపాన్ నుంచి దక్షిణాఫ్రికా వరకు చేశాను. అమెరికా మాత్రం అప్పుడు అడపాదడపానే.

లైసెన్స్ ఇంకా రాలేదు. ఇవన్నీ చెవితో పట్టుకోవచ్చా?

14.100 మెగాహెర్ట్జ్ మీద పెట్టి కూర్చోండి. ప్రపంచమంతా ఉన్న 18 బీకన్లు (తమంతట తామే సిగ్నల్ పంపే స్టేషన్లు) ఒకదాని తర్వాత ఒకటి, పది సెకన్లు చొప్పున, మూడు నిమిషాలకో చుట్టు తిరుగుతాయి. అన్నీ ఒకేసారి పని చేస్తూ ఉండవు, పని చేసేవి చాలు. ప్రతి బీకన్ తన కాల్‌సైన్‌ను (స్టేషన్ గుర్తు పేరు) మోర్స్‌లో చెప్పి నాలుగు డ్యాష్‌లు కొడుతుంది: 100 వాట్లు, 10, 1, చివరిది వాట్‌లో పదో వంతు. ఫిన్లండ్‌లోని ఓహెచ్2బీ, ఆస్ట్రేలియాలోని వీకే6ఆర్‌బీపీ, కొలంబోలోని 4ఎస్7బీ, ఈ మూడింటినీ రోజూ ఒకే వేళకు వినండి. మూడూ పోతే ఫ్లేర్. ఫిన్లండ్ ఒక్కటే పోతే ఉత్తరాన ఏదో జరుగుతోంది. కొలంబో ఒక్కటే వణుకుతుంటే బుడగలు. ఎన్ని డ్యాష్‌లు వినిపించాయో క్యాలెండర్ గడిలో రాసుకోండి. మా ఇంట్లో ఆ అంకెలు పాల లెక్క పక్కనే ఉంటాయి, రెండూ కలిసిపోయి ఒక నెల పాలవాడికి రెండు లీటర్లు ఎక్కువ కట్టాం. కొలంబో నాలుగో డ్యాష్ నాకు ఇప్పటివరకు రెండుసార్లే వినిపించింది.